పంపిన ఉత్తరం ఎవరి చేతిలో ఆగింది?

తెర మీది బొమ్మలనూ బటన్లనూ తాకకుండా, ఆదేశాన్ని అక్షరాలలో టైపు చేసి ఎంటర్ నొక్కి కంప్యూటరుతో పని చేయించుకునే పద్ధతిని కమాండ్ లైన్ అంటారు. ఈమెయిల్ అనగానే బ్రౌజరో, ఫోనులోని యాపో గుర్తుకు వచ్చే ఈ రోజుల్లో కూడా, రాత్రి బ్యాకప్ పూర్తయిందనీ, డిస్కు నిండిపోతున్నదనీ, ఫలానా ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయిందనీ యూనిక్స్, లైనక్స్ సర్వర్లు తమ నిర్వాహకులకు తెలియజేయడానికి వాడే పాత దారి ఇదే. ‘మెయిల్’ అనే ఆదేశానికి ఒక విషయాన్నీ, ఒక చిరునామానూ, నాలుగు వాక్యాల పాఠాన్నీ అందిస్తే ఉత్తరం బయలుదేరుతుంది. బయలుదేరినట్టు కనిపిస్తుంది అనడం మరింత సరైనది. యూనిక్స్ సంప్రదాయంలో పని సవ్యంగా ముగించిన ప్రోగ్రాము ఏమీ పలకదు కనుక, ఆదేశం ఇచ్చిన మరుక్షణంలోనే తెర మీద ప్రాంప్టు తిరిగి వస్తుంది, పంపినవారు ఉత్తరం చేరిందని నమ్ముతారు, కొన్నిసార్లు అవతలివారికి మాత్రం ఏదీ అందదు.

ఇలాంటప్పుడు వినిపించే ‘మెయిల్ పోవడం లేదు’ అనే ఫిర్యాదు లోపం ఉందని చెబుతుందే గాని, ఎక్కడ ఉందో చెప్పదు. ఈమెయిల్ ఒక ప్రోగ్రాము ఒక్కసారిగా చేసే పని కాదు. వేర్వేరు వ్యక్తులు వేర్వేరు దశాబ్దాలలో రాసిన ప్రోగ్రాములు అంచెలంచెలుగా ఒకదానికొకటి ఉత్తరాన్ని అప్పగించుకుంటూ పోయే ఏర్పాటు. అందువల్ల లోపాన్ని వెతకడమంటే అన్ని సెట్టింగులనూ ఒక్కొక్కటిగా మార్చి చూడడం కాదు, ఉత్తరానికి చివరిసారిగా బాధ్యత వహించిన అంచె ఏదో తేల్చి, ఆ అంచె రాసి పెట్టిన సమాధానాన్ని చదవడం. ఈ అధ్యాయం ఆ అంచెలను వరుసగా పరిశీలిస్తుంది.

అంచెలు ఏర్పడిన క్రమం

కంప్యూటరులో ఉత్తరాలు రాసుకునే అలవాటు కంప్యూటర్ల మధ్య తీగలు వేయకముందే మొదలయింది. అమెరికాలోని ఎంఐటీ సంస్థలో 1965లో, ఒకే పెద్ద కంప్యూటరును చాలామంది పంచుకునే వ్యవస్థ మీద, ఒక వాడుకరి మరొక వాడుకరికి సందేశం వదిలిపెట్టే ఆదేశాన్ని టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ రాశారు. 1971లో రే టామ్లిన్సన్ బీబీఎన్ అనే సంస్థలో పనిచేస్తూ, అటువంటి సందేశాల ప్రోగ్రామునూ, ఫైళ్లను నెట్‌వర్కు మీదుగా పంపే మరొక ప్రోగ్రామునూ కలిపి, వాడుకరి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య ‘ఎట్’ గుర్తును పెట్టి, ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి ఉత్తరం పంపగలిగారు. అదే సంవత్సరం వెలువడిన యూనిక్స్ తొలి కరదీపికలో ‘మెయిల్’ ఆదేశం ఉంది.

తరువాతి దశాబ్దంలో పని రెండుగా చీలింది. ఉత్తరం రాయడానికీ చదవడానికీ ఉపయోగపడే ప్రోగ్రాములు ఒక వర్గమయ్యాయి. బర్క్‌లీలో కర్ట్ షోయెన్స్ 1978లో రాసిన ‘మెయిల్’ ఆ వర్గానికి చెందినదే, నేటి ‘మెయిల్‌ఎక్స్’ దాని వారసురాలే. ఉత్తరాన్ని అందుకుని, ఎటు పంపాలో నిర్ణయించి, అవతలి యంత్రానికి చేరవేసే ప్రోగ్రాములు రెండవ వర్గమయ్యాయి. వీటిని రవాణా ప్రోగ్రాములు అనవచ్చు. అదే బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన ‘సెండ్‌మెయిల్’, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజెల్ 1995లో మొదలుపెట్టిన ‘ఎగ్జిమ్’, ఐబీఎంలో వీట్సె వెనెమా రాయగా 1998 డిసెంబరులో విడుదలైన ‘పోస్ట్‌ఫిక్స్’ ఈ వర్గంలోనివి. రవాణా ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి జోన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంలో ఒక సంభాషణ పద్ధతిని నిర్దేశించారు. ఎస్‌ఎమ్‌టీపీ అనే పొట్టి పేరుతో పిలిచే ఆ పద్ధతి 2001లోనూ 2008లోనూ సవరణలు పొందినా, దాని నడక మాత్రం మారలేదు.

ఈ సంభాషణలో కీలకమైన అంశం బాధ్యత చేతులు మారడం. ఉత్తరం పాఠమంతా అందుకున్న తరువాత సర్వర్ 250 అనే సంఖ్యతో ‘సరే’ అన్నదంటే, ఇక నుంచి ఆ ఉత్తరాన్ని చేర్చడమో, చేర్చలేకపోతే ఆ సంగతిని పంపినవారికి తెలియజేయడమో తన పని అని ఒప్పుకున్నట్టు ప్రమాణం స్పష్టంగా చెబుతుంది. తపాలా కార్యాలయంలో రిజిస్టరు ఉత్తరానికి ప్రతి చేతిమార్పు దగ్గరా సంతకం తీసుకున్నట్టే, ఇక్కడ కూడా ప్రతి అంచె దగ్గర ఒక 250 నమోదవుతుంది. చివరి 250 ఇచ్చినది ఎవరో తెలిస్తే విచారణ అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

గడప దాటని ఉత్తరాలు

మొదటి అంచె పంపేవారి యంత్రంలోనే ఉంటుంది. ‘మెయిల్’ ఆదేశం ఉత్తరాన్ని తానుగా బయటికి తీసుకుపోదు. అదే యంత్రంలో ఉన్న రవాణా ప్రోగ్రాముకు అప్పగించి తప్పుకుంటుంది. ఆదేశం విజయవంతమైందని చెప్పే సున్నా ఫలిత సంకేతానికి ఉత్తరం స్థానిక క్యూలో, అంటే బయలుదేరడానికి వేచి ఉండే వరుసలో, చేరింది అనేంతవరకే అర్థం. యంత్రంలో రవాణా ప్రోగ్రామే లేకపోతే అప్పగింత జరగదు, ఉత్తరం పాఠం వాడుకరి ఇంటి డైరెక్టరీలో ‘డెడ్ డాట్ లెటర్’ అనే ఫైలులో మిగిలిపోవచ్చు. చిన్న యంత్రానికి పూర్తి రవాణా ప్రోగ్రాము అవసరం లేకుండా, వచ్చిన ఉత్తరాన్ని వేరొక పెద్ద సర్వర్‌కు మాత్రమే అందజేసే ‘ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీ’ వంటి తేలికపాటి ప్రోగ్రాములు ఉన్నాయి.

ఒకే పేరు గల ఆదేశానికి వేర్వేరు రూపాలు ఉండడం ఇక్కడ ఎదురయ్యే మరొక చిక్కు. ‘మెయిల్’ అని టైపు చేస్తే ఒక లైనక్స్ పంపిణీలో బర్క్‌లీ రూపం, మరొక దానిలో గ్నూ రూపం, ఇంకొక దానిలో ‘ఎస్-నెయిల్’ పలుకుతాయి. చిన్నబడి ‘ఎ’ అనే ఎంపికకు ఒక రూపంలో ఫైలును జోడించమని అర్థమైతే, మరొక రూపంలో ఉత్తరానికి ఒక శీర్షపంక్తిని చేర్చమని అర్థం. ఒక యంత్రం మీద చక్కగా పనిచేసిన స్క్రిప్టు, అంటే ఆదేశాలను వరుసగా రాసి పెట్టిన ఫైలు, మరొక యంత్రం మీద జోడింపు లేని ఉత్తరాన్ని పంపడానికి కారణం తరచుగా ఇదే కనుక, ఏ రూపం ఉన్నదో ముందుగా తెలుసుకోవాలి.

చేత్తో నడిపితే పనిచేసి, నిర్ణీత వేళకు దానంతటదే నడిచినప్పుడు మాత్రం విఫలమయ్యే స్క్రిప్టులు ఇంకొక తరగతి. వేళకు పనులు నడిపే ‘క్రాన్’ అనే ప్రోగ్రాము సాధారణంగా చాలా పరిమితమైన పరిసరాలను ఇస్తుంది. ప్రోగ్రాముల కోసం అది వెతికే డైరెక్టరీల జాబితా చిన్నది, సెండ్‌మెయిల్ ఉండే డైరెక్టరీ అందులో ఉండకపోవచ్చు. స్క్రిప్టులో ప్రోగ్రాము పూర్తి మార్గాన్ని రాస్తే ఈ లోపం తొలగిపోతుంది.

అప్పగింత జరిగినదా లేదా అనేది ‘మెయిల్‌క్యూ’ అనే ఆదేశం చెబుతుంది. బయలుదేరడానికి వేచి ఉన్న ప్రతి ఉత్తరానికీ ఒక క్యూ సంఖ్యనూ, దాని కిందనే ఎందుకు ఆగిందో తెలిపే వాక్యాన్నీ అది చూపుతుంది. క్యూ ఖాళీగా ఉంటే ఉత్తరం వెళ్ళిపోయిందనో, తిరస్కరణకు గురయిందనో, అసలు అప్పగింతే జరగలేదనో అర్థం, వీటిలో ఏది జరిగిందో రవాణా ప్రోగ్రాము తన పనిని నమోదు చేసే మెయిల్ లాగ్ ఫైలు చెబుతుంది. పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో ప్రతి ప్రయత్నానికీ ‘సెంట్’, ‘డిఫర్డ్’, ‘బౌన్స్‌డ్’ అనే మూడు స్థితులలో ఒకటి, అంటే అప్పగించినట్టో, వాయిదా వేసినట్టో, తిరస్కరణతో తిరిగి వచ్చినట్టో నమోదవుతుంది. వాయిదా పడిన ఉత్తరం విషయంలో తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది: పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు ప్రయత్నిస్తూనే ఉంటుంది, ప్రత్యేకంగా అడిగితే తప్ప ఈ మధ్యలో ఆలస్యమవుతున్నదని పంపినవారికి చెప్పదు. సోమవారం ఇచ్చిన హెచ్చరిక విఫలమైందని శనివారం తెలియడం ఈ విధంగానే సంభవిస్తుంది.

‘సెంట్’ అన్న మాటను కూడా దాని పక్కనున్న ‘రిలే’ అనే గడితో కలిపి చదవాలి. ఒక సంస్థ వెబ్‌సైటు ఒక సర్వర్‌లోనూ, ఉద్యోగుల ఈమెయిల్ వేరొక సేవలోనూ ఉన్నాయనుకుంటే, వెబ్ సర్వర్‌లోని రవాణా ప్రోగ్రాముకు ఆ సంస్థ డొమైన్ పేరు ‘తనదే’ అని ఎవరో సెట్టింగులలో రాసి ఉండవచ్చు. అప్పుడు అది ఉద్యోగులకు ఉద్దేశించిన ఉత్తరాన్ని బయటికి పంపకుండా, తన డిస్కు మీదనే ఒక పెట్టెలో వేసుకుని ‘సెంట్’ అని రాసుకుంటుంది. లేదా ఆ పేరుగల వాడుకరి తన దగ్గర లేరని తిప్పికొడుతుంది. బయటి చిరునామాలన్నింటికీ ఉత్తరాలు చేరుతూ సొంత సంస్థవారికి మాత్రమే చేరకపోతే అనుమానించవలసినది దీనినే.

దారి, తలుపు

రెండవ అంచె నెట్‌వర్కు. ఒక డొమైన్‌కు వచ్చే ఉత్తరాలను ఏ యంత్రం అందుకుంటుందో డొమైన్ పేర్ల వ్యవస్థలోని ఎమ్‌ఎక్స్ అనే నమోదు చెబుతుంది. 1986లో ప్రవేశపెట్టిన ఈ నమోదులలో ప్రతి యంత్రం పేరుకూ ఒక ప్రాధాన్య సంఖ్య ఉంటుంది, తక్కువ సంఖ్య ఉన్నదానిని ముందుగా ప్రయత్నించాలి. ‘డిగ్’ అనే ఆదేశంతో ఈ నమోదును అడిగి చూసినప్పుడు సమాధానం రాకపోయినా, పాత సర్వర్ పేరు వచ్చినా, లోపం ఉత్తరంలో కాక చిరునామా పుస్తకంలో ఉండవచ్చు.

పేరు దొరికిన తరువాత ఆ యంత్రంలోని ఒక పోర్టును, అంటే ఒక సేవ కోసం సంఖ్యతో గుర్తించిన ద్వారాన్ని, తట్టవలసి ఉంటుంది. సర్వర్లు తమలో తాము ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకునే ద్వారం 25. వాడుకరులు తమ ఉత్తరాలను తమ సొంత సర్వర్‌కు సమర్పించడానికి 1998లో 587 అనే పోర్టును ప్రత్యేకించారు. మొదటి అక్షరం నుంచే రహస్యలిపిలో నడిచే 465 పోర్టును ఈ సమర్పణకే వాడమని 2018 నాటి పత్రం సిఫారసు చేసింది. అనవసరపు ప్రకటనల ఉత్తరాలను, అంటే స్పామ్‌ను, వైరస్ సోకిన ఇంటి కంప్యూటర్ల నుంచి కుప్పలుగా పంపడం మొదలైన తరువాత, ఇంటర్నెట్ సేవాసంస్థలు చాలావరకు ఇళ్ల నుంచి బయటికి పోయే 25వ పోర్టును మూసివేశాయి. అద్దెకు సర్వర్లు ఇచ్చే క్లౌడ్ సంస్థలలో కొన్ని కూడా అదే చేస్తాయి. కొత్తగా తీసుకున్న సర్వర్ నుంచి ఏ చిరునామాకూ ఉత్తరం పోకపోవడానికి ఇది చాలా సాధారణమైన కారణం, దీనికి పరిష్కారం 587 మీదుగా, పేరూ పాస్‌వర్డూ చెప్పి, అధీకృత సర్వర్ ద్వారా పంపడం.

ద్వారం తట్టినప్పుడు వచ్చే రెండు రకాల వైఫల్యాలను వేరుగా చూడాలి. ‘కనెక్షన్ రిఫ్యూజ్‌డ్’ అనే సమాధానం వెంటనే వస్తుంది; అవతలి యంత్రం ఉన్నది, పలికింది, కాని ఆ పోర్టు దగ్గర వినే ప్రోగ్రాము లేదు అని సాధారణంగా దాని అర్థం. ‘కనెక్షన్ టైమ్‌డ్ అవుట్’ అనేది చాలాసేపు ఆగిన తరువాత వస్తుంది; పంపిన ప్యాకెట్లకు ఏ జవాబూ రాలేదు, అంటే తరచుగా దారిలో ఏదో ఒక ఫైర్‌వాల్ వాటిని చప్పుడు చేయకుండా పారవేస్తున్నది. మొదటి సందర్భంలో అవతలి యంత్రాన్నీ, రెండవ సందర్భంలో మధ్య దారినీ పరిశీలించాలి.

వేచి ఉండే సమయం ఎంత ముఖ్యమో 1990లలో ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో జరిగినదిగా అక్కడి నిర్వాహకుడు 2002లో వివరించిన ఉదంతం చూపుతుంది. అక్కడి గణాంకశాస్త్ర విభాగం వారు తమ ఉత్తరాలు 500 మైళ్లకు మించి పోవడం లేదని ఫిర్యాదు చేశారు, పరీక్షించి చూస్తే ఆ మాట నిజమే అయింది. ఎవరో ఆపరేటింగ్ సిస్టమును నవీకరించినప్పుడు సెండ్‌మెయిల్ మాత్రం పాత రూపానికి వెనుకకు పోయింది. కొత్త రూపానికి రాసిన సెట్టింగులను పాత ప్రోగ్రాము అర్థం చేసుకోలేక వదిలేయడంతో, అవతలి యంత్రం పలికేవరకు ఆగవలసిన గడువు సున్నాగా మిగిలిపోయింది. ఆ యంత్రం మీద సున్నా గడువంటే ఆచరణలో 3 మిల్లీసెకండ్లకు కొద్దిగా పైన; అంత సమయంలో కాంతి శూన్యంలో ప్రయాణించే దూరం దాదాపు 900 కిలోమీటర్లు, అంటే 559 మైళ్లు. తీగలో సంకేతాల వేగం ఇంకా తక్కువనీ, జవాబు తిరిగి రావాలనీ గుర్తుంచుకుంటే లెక్క స్థూలమైనదే గాని, దగ్గరి యంత్రాలు గడువులోగా పలికాయి, దూరపువి పలకలేకపోయాయి అనే కారణం మాత్రం నిక్కచ్చిగా సరిపోతుంది. ప్రమాణం ప్రకారం తొలి పలకరింపు కోసం ఆగవలసిన గడువు 5 నిమిషాలు.

సంభాషణను చేత్తో నడపడం

ఎస్‌ఎమ్‌టీపీ సంభాషణ మనిషి చదవగల అక్షరాలలోనే సాగడం లోపాన్వేషణకు వరం వంటిది, ఎందుకంటే ప్రోగ్రామును పక్కన పెట్టి మనిషే ఆ సంభాషణను నడపవచ్చు. ‘టెల్‌నెట్’ వంటి పరికరంతో సర్వర్‌ను చేరుకుంటే అది 220 అనే సంఖ్యతో పలకరిస్తుంది. ‘ఈహెలో’ అనే మాటతో తన యంత్రం పేరు చెప్పుకుంటే, సర్వర్ తనకు తెలిసిన సౌకర్యాల జాబితాను చదువుతుంది. తరువాత ‘మెయిల్ ఫ్రమ్’ అని పంపినవారి చిరునామానూ, ‘ఆర్‌సీపీటీ టు’ అని అందుకునేవారి చిరునామానూ, ‘డేటా’ అని చెప్పి 354 అనే అనుమతి వచ్చాక ఉత్తరం పాఠాన్నీ ఇచ్చి, చివర ఒక పంక్తిలో చుక్క ఒక్కటే పెడితే ఉత్తరం ముగిసినట్టు. ఆ చుక్కకు జవాబుగా వచ్చే 250యే పైన చెప్పిన బాధ్యతా స్వీకారం.

సర్వర్ ఇచ్చే మూడంకెల సంఖ్యలో మొదటి అంకె తీర్పును చెబుతుంది: 2 అంటే అంగీకారం, 3 అంటే మిగిలినది చెప్పమని, 4 అంటే ప్రస్తుతానికి కుదరదు తరువాత రమ్మని, 5 అంటే మళ్లీ రావద్దని. నాలుగుతో మొదలయ్యే సమాధానం వస్తే రవాణా ప్రోగ్రాము ఉత్తరాన్ని క్యూలో ఉంచి తిరిగి ప్రయత్నించాలి. కొత్త ముఖాలకు మొదటిసారి కావాలనే 4 చెప్పి, కాసేపటికి తిరిగి వచ్చినవారిని మాత్రమే అనుమతించే ‘గ్రేలిస్టింగ్’ అనే స్పామ్ వడపోత 2003 నుంచి వాడుకలో ఉంది కనుక, మొదటి ఉత్తరం అరగంట ఆలస్యమైనంత మాత్రాన లోపముందని అనుకోనక్కరలేదు. ఐదుతో మొదలయ్యే సమాధానాలలో 550 తరచుగా ఆ పేరుగల పెట్టె లేదనీ, 535 పేరో పాస్‌వర్డో సరిపోలేదనీ, 554 ఈ ఉత్తరాన్ని తీసుకోవడం తమ విధానానికి విరుద్ధమనీ చెబుతాయి. సంఖ్య పక్కనే చుక్కలతో ఉండే రెండవ సంఖ్య ఇంకా సూక్ష్మం, 5.1.1 అంటే చిరునామాలో తప్పు, 5.7.1 అంటే అనుమతి లేకపోవడం. ‘రిలే యాక్సెస్ డినైడ్’ అనే వాక్యం ఈ రెండవ కోవకు చెందినది: తనకు చెందని వ్యక్తి నుంచి తనకు చెందని చిరునామాకు ఉత్తరం మోయడానికి సర్వర్ నిరాకరిస్తున్నది. తొలినాళ్లలో సర్వర్లు ఎవరి ఉత్తరాన్నయినా మర్యాదగా మోసేవి. స్పామ్ ఆ మర్యాదను అంతం చేసింది.

పాస్‌వర్డు దగ్గరి లోపాలు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. సంభాషణలో పేరునూ పాస్‌వర్డునూ బేస్64 అనే రాతలోకి మార్చి పంపే పద్ధతి ఉంది. ఇది రహస్యలిపి కాదు, ఏ అక్షరాన్నయినా 64 సాదా గుర్తులలోకి మార్చే రాత మాత్రమే కనుక, రహస్యలిపిలో నడిచే సంభాషణలో తప్ప దీనిని వాడరాదు. చేత్తో పరీక్షించేవారు ‘ఎకో’ ఆదేశంతో పాస్‌వర్డును బేస్64లోకి మార్చినప్పుడు, ఆ ఆదేశం చివర చేర్చే కనిపించని కొత్తపంక్తి గుర్తు కూడా పాస్‌వర్డులో భాగమైపోతుంది, సర్వర్ 535 అంటుంది, సరైన పాస్‌వర్డును తప్పు అన్నదని పరీక్షకులు తలపట్టుకుంటారు. ‘ప్రింట్‌ఎఫ్’ ఆదేశం వాడితే ఆ గుర్తు చేరదు. జీమెయిల్ విషయంలో మామూలు పాస్‌వర్డు సరైనదే అయినా పనిచేయదు: పేరూ పాస్‌వర్డూ మాత్రమే అడిగే ప్రోగ్రాములకు వ్యక్తిగత ఖాతాలలో ఇచ్చిన వెసులుబాటును గూగుల్ 2022 మే 30 నుంచి తొలగించింది, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్న ఖాతాలో 16 అక్షరాల ప్రత్యేక యాప్ పాస్‌వర్డును సృష్టించుకుని దానినే ఇవ్వాలి.

రహస్యలిపి సంభాషణను పరీక్షించడానికి వాడే ‘ఓపెన్ఎస్ఎస్ఎల్’ అనే పరికరంలో ఒక విచిత్రమైన ఉచ్చు ఉంది. పంక్తి మొదట కేపిటల్ ‘ఆర్’ కనబడితే ఆ పరికరం దానిని సర్వర్‌కు పంపకుండా, రహస్యలిపి ఒప్పందాన్ని మళ్లీ కుదుర్చుకోమనే తన సొంత ఆదేశంగా తీసుకుంటుంది. అందుకునేవారి చిరునామా చెప్పే పంక్తి ‘ఆర్’తోనే మొదలవుతుంది కనుక సంభాషణ సరిగ్గా అక్కడే తెగిపోతుంది, తప్పు సర్వర్‌దేమో అనిపిస్తుంది. ఎస్‌ఎమ్‌టీపీ ఆదేశాలకు పెద్దబడి చిన్నబడి తేడా లేదు కనుక ఆ పంక్తిని చిన్నబడిలో రాయడం సులభమైన విరుగుడు. ముగింపు చుక్క కూడా ఇలాంటి చిక్కునే తెస్తుంది: స్క్రిప్టు ఇచ్చిన పాఠంలో ఎక్కడైనా చుక్క ఒక్కటే ఉన్న పంక్తి తగిలితే సెండ్‌మెయిల్ ఆదేశం అక్కడితో ఉత్తరం అయిపోయిందనుకుంటుంది, మిగిలిన పాఠం పోతుంది. చుక్కను ముగింపుగా చూడవద్దని చెప్పే చిన్నబడి ‘ఐ’ అనే ఎంపిక అందుకే ఉంది.

పరీక్షల కోసం పెట్టిన సౌకర్యం ప్రమాదకరం కూడా కావచ్చు. సెండ్‌మెయిల్‌లో లోపాలను వెతకడానికి ఉంచిన ‘డీబగ్’ అనే ద్వారం కొన్ని యంత్రాలలో తెరిచే ఉండిపోగా, 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రాము యంత్రం నుంచి యంత్రానికి వ్యాపించడానికి వాడుకున్న మార్గాలలో అది ఒకటి.

అందుకున్నారు, కాని కనబడదు

అవతలి సర్వర్ 250 చెప్పిన తరువాత కూడా ఉత్తరం చదివేవారి ముందుకు రాకపోవచ్చు. ఎస్‌ఎమ్‌టీపీలో పంపినవారి చిరునామా రెండుచోట్ల ఉంటుంది: సంభాషణలో ‘మెయిల్ ఫ్రమ్’ దగ్గర చెప్పేది కవరు మీది చిరునామా, ఉత్తరం లోపల ‘ఫ్రమ్’ అనే శీర్షపంక్తిలో ఉండేది చదువరికి కనిపించే చిరునామా. ఈ రెండూ ఒకటే కావాలని మూల ప్రమాణం కోరలేదు కనుక మోసగాళ్లు ఎవరి పేరుతోనైనా రాయగలిగారు. దానిని అరికట్టడానికి మూడు ఏర్పాట్లు వచ్చాయి. తమ డొమైన్ తరఫున ఏ యంత్రాలు ఉత్తరాలు పంపవచ్చో డొమైన్ యజమానులు బహిరంగంగా ప్రకటించే పద్ధతి ఎస్‌పీఎఫ్. పంపే సర్వర్ ఉత్తరం మీద గణితపరమైన సంతకం చేసే పద్ధతి డీకిమ్. ఈ రెండింటిలో ఏదీ కనిపించే చిరునామాతో పొసగకపోతే ఏం చేయాలో చెప్పే ప్రకటన డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు పెద్దసంఖ్యలో ఉత్తరాలు పంపేవారికి ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి. కమాండ్ లైన్ నుంచి ‘రూట్ ఎట్ లోకల్‌హోస్ట్’ వంటి చిరునామాతో, ఏ ప్రకటనా లేని యంత్రం నుంచి బయలుదేరిన ఉత్తరం ఈ పరీక్షలలో నెగ్గదు. అది స్పామ్ పెట్టెలో పడుతుంది, లేదా 5తో మొదలయ్యే సమాధానంతో తిరిగి వస్తుంది.

తిరిగి రావడంలోనూ ఒక సూక్ష్మం ఉంది. తిరస్కరణ సమాచారం కవరు మీది చిరునామాకు పోతుంది. స్క్రిప్టు రూట్ అనే సర్వాధికార వాడుకరి పేరుతో నడిస్తే ఆ సమాచారం అదే యంత్రంలోని రూట్ పెట్టెలో, ఎవరూ తెరవని చోట, పోగుపడుతుంది. వ్యవస్థ ఏమీ చెప్పలేదని వాపోయేవారు ఆ పెట్టెను తెరిస్తే నెలల తరబడి పేరుకున్న వివరణలు కనిపిస్తాయి.

తెలుగు అక్షరాల ప్రయాణం

ఎస్‌ఎమ్‌టీపీ పుట్టినప్పుడు దానికి తెలిసినవి 128 గుర్తుల ఆస్కీ అక్షరాలు మాత్రమే. 1992లో వచ్చిన మైమ్ అనే విస్తరణ, ఇతర లిపులను సాదా అక్షరాలలోకి మార్చి పంపి అవతల తిరిగి విప్పే మార్గం చూపింది. యూటీఎఫ్-8 పద్ధతిలో యూనికోడ్‌లోని ప్రతి తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది, బేస్64లో అది 4 గుర్తులవుతుంది. విషయశీర్షికలో ఇలా మార్చిన ఒక్కొక్క ముక్క 75 గుర్తులకు మించరాదని నియమం కనుక, ముక్క ఆద్యంతాల గుర్తులను మినహాయిస్తే ఒక్కొక్క దానిలో 15 తెలుగు సంకేతాలు మాత్రమే పడతాయి. గుణింతపు గుర్తులూ పొల్లులూ విడివిడి సంకేతాలే కనుక నాలుగైదు తెలుగు మాటల శీర్షిక కూడా రెండు మూడు ముక్కలవుతుంది. స్క్రిప్టు రాసినవారు బైట్లను లెక్కపెట్టి అక్షరం మధ్యలో ముక్క కోస్తే, శీర్షిక నడుమ ప్రశ్నార్థకాలో నల్లని వజ్రాలో కనిపిస్తాయి.

పాఠం విషయంలో లోపం మరోలా ఉంటుంది. టెర్మినల్‌లో భాషా పరిసరం యూటీఎఫ్-8గా ఉన్నప్పుడు తెలుగు పాఠాన్ని సక్రమంగా పంపిన ‘మెయిల్‌ఎక్స్’, క్రాన్ కింద ఆ పరిసరం లేకుండా నడిచినప్పుడు, ఆ బైట్లు ఏ లిపివో గుర్తించలేక, పాఠాన్ని పాఠంగా కాక గుర్తుతెలియని ఫైలుగా ప్రకటించవచ్చు. అందుకున్నవారికి ఖాళీ ఉత్తరమూ, తెరుచుకోని ఒక జోడింపూ కనిపిస్తాయి. స్క్రిప్టు మొదట్లోనే భాషా పరిసరాన్ని యూటీఎఫ్-8గా నిర్దేశించడం దీనికి విరుగుడు.

విచారణ క్రమం

ఈ అంచెలన్నింటినీ కలిపి చూస్తే విచారణ క్రమం దానంతటదే తేలుతుంది. ముందు క్యూనూ, తరువాత లాగ్‌నూ చూడాలి; లాగ్‌లో ఆ ఉత్తరం పేరే లేకపోతే లోపం ఆదేశంలోనో స్క్రిప్టులోనో ఉన్నది, వాయిదా పడి ఉంటే దారిలోనో ద్వారం దగ్గరో ఉన్నది, తిరస్కరణ ఉంటే సర్వర్ చెప్పిన సంఖ్యలో కారణం ఉన్నది, అవతలి సర్వర్ ఇచ్చిన 250 నమోదై ఉంటే విచారణ ఇక ఆ సర్వర్ నిర్వాహకుల దగ్గర జరగాలి. ఒకసారి ఒక్క మార్పే చేసి మళ్లీ పరీక్షించడం, పరీక్షా ఉత్తరాలను సొంత సంస్థలోని ఒక చిరునామాకూ బయటి సేవలలోని రెండు చిరునామాలకూ పంపడం ఈ పనిలో చాలా సమయాన్ని మిగులుస్తాయి.

ఎవరినైనా సహాయం అడగవలసి వచ్చినప్పుడు ‘మెయిల్ పోవడం లేదు’ అని రాయకుండా, ఉత్తరం పంపిన సమయాన్నీ, ఇరువైపుల చిరునామాలనూ, క్యూ సంఖ్యనూ, సర్వర్ చివరిగా ఇచ్చిన సమాధానాన్నీ ఒక్క అక్షరం తగ్గించకుండా జతచేయాలి. సర్వర్‌ను నిర్వహించేవారు రూట్ పేరున వచ్చే ఉత్తరాలను ఎవరో ఒకరు రోజూ చదివే పెట్టెకు మళ్లించి, ఆ మళ్లింపు పనిచేస్తున్నదో లేదో అవసరం రాకముందే పరీక్షించి పెట్టుకోవాలి.